చదవొద్దన్న లైను

మా అత్త ఆఫీసులో ఒకటే రూలు. సంతకానికి ముందు ఫారం మొత్తం పైకి చదివి వినిపించాలి. మొత్తం అంటే మొత్తమే, పేరు దగ్గర్నుంచి అడుగున తేదీ దాకా. మధ్యలో "వర్తించదు, వర్తించదు, వర్తించదు" అని ఎన్ని గళ్ళుంటే అన్నిసార్లూ చదవాల్సిందే. చేరిన కొత్తలో నేనొక "వర్తించదు" మింగేశాను. అత్త లోపలి గదిలోంచి, కళ్ళజోడు కూడా తియ్యకుండా, "ఒకటి తగ్గింది" అంది. అంతే, ఆ తర్వాత మళ్ళీ మింగితే ఒట్టు.

ఈ రూలు ఎందుకొచ్చిందంటే, నేను పుట్టకముందు ఒక బేకరీ ఆయన వినకుండా సంతకం పెట్టేశాడట. పక్క ఫైల్లోని వరస ఇందులోకి జారిపోయి, ఆయనకి ముగ్గురు పిల్లలున్నట్టు పడింది. ఆయనకేమో అప్పుడే పెళ్ళయింది. ఆ కాగితం తిన్నగా వెళ్ళి కొత్త పెళ్ళికూతురి చేతిలో పడింది. మిగతా కథ అత్త చెప్పదు, "రొట్టె మాడింది" అంటుందంతే. అప్పట్నుంచీ చెవిలో పడందే చేత్తో సంతకం పెట్టకూడదు అన్నది మా ఆఫీసు శాసనం.

మాది మూడో అంతస్తులో రెండు గదుల ఆఫీసు. కింద తాళాలు చేసే కొట్టు, పైన ఒక టైలరు, అన్నిటికీ కలిపి మొండి లిఫ్టు ఒకటి. పన్నుల సీజన్లో జనం మెట్ల మీద కూడా కూర్చుంటారు. నా బల్ల కిటికీ పక్కన. ఇక నా పిచ్చి ఏంటంటే, పెద్ద చదువుల ఖర్చు! అంటే ఇంట్లో ఎవరైనా కాలేజీలో చదువుతుంటే ఆ ఫీజు మీద పన్ను ఎంత తగ్గుతుంది, ఎవరికి తగ్గుతుంది, ఏ రసీదు పనికొస్తుంది, ఏది రాదు, ఇదంతా నాకు కంఠతా వచ్చు. సగం మందికి అసలు అలాంటిదొకటి ఉందనే తెలీదు తెలుసా! అడగందే అమ్మైనా పెట్టదంటారు, పన్నుల ఆఫీసు పెడుతుందా? అందుకే కనిపించినవాళ్ళనల్లా నేనే అడిగేస్తాను, మీ ఇంట్లో కాలేజీ పిల్లలున్నారా అని. ఆ తగ్గింపుని క్రెడిట్ అంటారు, అందుకని అత్త నాకు "క్రెడిట్ చిలక" అని పేరు పెట్టింది. పెడితే పెట్టింది.

లిఫ్టు బాగుచేసే బాబాయిని కూడా అలాగే అడిగాను. ఎక్కడనుకున్నారు? లిఫ్టులోనే. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్యలో ఇరుక్కుపోయి, ఫైళ్ళు చంకలో పెట్టుకుని నించున్నాను. పైనుంచి తలుపు సందులోకి ఒక టార్చి వెలుగు పడింది.

"భయపడకమ్మా. బ్రేకు పట్టేసింది, ఎక్కడికీ పడదు."

"నాకు భయమేం లేదు బాబాయ్. మీ పిల్లలెవరైనా కాలేజీలో చదువుతున్నారా?"

టార్చి అలాగే ఆగిపోయింది.

"ఇన్నేళ్ళలో లోపల ఇరుక్కున్నవాళ్ళు నన్ను తిట్టారు, ఏడ్చారు, ఒకాయన పాటలు కూడా పాడాడు. ఇలా మాత్రం ఎవరూ అడగలేదు" అన్నాడు. తర్వాత గొంతు మారిపోయింది, పాలు పొంగేముందు గిన్నె చప్పుడు మారుతుందే, అలాగ. "ఉంది. మా అమ్మాయి. చెవుల చదువు. ఆఖరి సంవత్సరం."

"ఫీజు ఎవరు కడుతున్నారు?"

"నేను కాక ఇంకెవరు?"

"రసీదులున్నాయా?"

"నన్ను ముందు నిన్ను బయటికి తియ్యనివ్వమ్మా తల్లీ!"

ఆ వారంలోనే ఇద్దరూ వచ్చారు. బాబాయి భారీ మనిషి, ఎడమ భుజం మాత్రం కుడిదానికంటే కాస్త కిందికి ఉంటుంది. కిందటేడు లిఫ్టు షాఫ్టులో, అంటే లిఫ్టు తిరిగే ఆ నిలువు గొయ్యిలో, పైన పనిచేస్తుంటే భుజం తప్పింది. డాక్టరు ఇంక షాఫ్టు ఎక్కొద్దన్నాడట. కంపెనీ వాళ్ళు తలుపులు, బటన్లు లాంటి కింది పనికి మార్చి జీతం కూడా దానికి తగ్గట్టే దించేశారు. వాళ్ళమ్మాయి ఆయన చెయ్యంత లావు కూడా లేదు, కానీ నోరుంది చూశారూ! కూర్చోగానే బ్యాగులోంచి రెండు పళ్ళ ఇనప ఫోర్కు ఒకటి తీసి, బల్లకి టంగున కొట్టి నా చెవి దగ్గర పెట్టింది. "ఎంతసేపు వినిపిస్తే అంతసేపు చెయ్యెత్తి ఉంచండి."

"ఆ ఆటలు ఇక్కడొద్దమ్మా డాక్టరుగారూ" అన్నాడు బాబాయి.

"డాక్టర్ని కాను అని వెయ్యిసార్లు చెప్పాను నాన్నా. చెవులు పరీక్ష చేసే మనిషిని."

"చెవిలో లైటేసి చూస్తావు, చీటీ రాస్తావు. డాక్టరు కాక మరేంటి, ప్లంబరా?"

రసీదులు ఎలా తెచ్చాడనుకున్నారు? లిఫ్టు తాడులోంచి విడదీసిన సన్న ఉక్కు తీగకి పూలదండలా గుచ్చి తెచ్చాడు. మొదటి సంవత్సరం నుంచీ వరసగా, ఒక్కటి అటూ ఇటూ కాకుండా, ప్రతి రసీదు మూలా ఒక గ్రీజు వేలిముద్ర. అత్త లోపల్నుంచి లేచొచ్చి మరీ చూసింది. "మా చిలక కంటే నయం" అని వెళ్ళిపోయింది.

నేను ఇంక ఆగుతానా! డిడక్షనుకీ క్రెడిటుకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా, అది ముందు అర్థం కావాలి కదా. "బాబాయ్, ఇలా చూడండి. లిఫ్టు బరువు తూచకముందే ఇద్దరు దిగిపోయారనుకోండి, అది డిడక్షను. అంటే మీ ఆదాయాన్ని లెక్కెయ్యకముందే అందులోంచి కొంత తీసేస్తారు, మిగతాదాని మీదే పన్ను. క్రెడిట్ అలా కాదు. అంతా తూచేశాక, కట్టాల్సిన పన్ను ఇంత అని తేల్చేశాక, ఆ అంకెలోంచే నేరుగా కోసేస్తారు!"

"తూచాక అంకె కొట్టేస్తే లిఫ్టు కింద పడుతుందమ్మా."

"లిఫ్టు పడుతుంది. పన్ను పడితే మనకి మంచిదేగా నాన్నా!" అంది కూతురు. నాకు ఆ క్షణంలోనే ఆ పిల్ల నచ్చేసింది.

ఇంక మొదలెట్టాం. కాలేజీ ఫీజు పనికొస్తుంది, ల్యాబు ఫీజు పనికొస్తుంది, పరీక్ష ఫీజు పనికొస్తుంది. బస్సు పాసు పనికిరాదు. చెవిలోకి చూసే ఆ లైటు పరికరం? కాలేజీవాళ్ళు కొనితీరాలని రాసిచ్చారు కాబట్టి అదీ వస్తుంది. "మరి షూస్?" అంది. ఆస్పత్రిలో తెల్ల షూస్ వేసుకోవాలట. "రాసిచ్చారా?" "నోటితో చెప్పారు." "అయితే రాదు." "అన్యాయం! నోటితో చెబితే వినిపించదా ఈ ఆఫీసుకి? రమ్మనండి చెవులు చూస్తాను." స్కాలర్‌షిప్పుగా వచ్చింది మాత్రం తీసేయాలి, మన జేబులోంచి పోనిది మన ఖర్చు కాదు కదా. తీసేశాను. అన్నీ కూడి, తీసి, మళ్ళీ కూడి, స్క్రీను వాళ్ళవైపు తిప్పాను.

ఆఖరి టర్ము ఫీజుకి సరిపోతుంది. సరిపోవడమేంటి, షూస్ కూడా వస్తాయి!

బాబాయి ఆ అంకె వైపు చాలాసేపు చూశాడు. "ఇది మనకిస్తారా? నిజంగా?"

"నిజంగా బాబాయ్. వచ్చే శుక్రవారంలోగా పంపిస్తే."

"అయితే..." అని ఆగి, కుడిచేత్తో ఎడమ భుజం తడుముకున్నాడు. "అయితే ఆ కొత్త టవరు పనికి రానని చెప్పేయొచ్చు."

వాళ్ళమ్మాయి కుర్చీలోంచి లేచేసింది. ఊరి చివర ఎత్తు భవనం ఒకటి కడుతున్నారట, అక్కడ షాఫ్టులో ఎక్కేవాళ్ళకి రెట్టింపు కూలి ఇస్తున్నారట, డాక్టరు మాట పక్కనపెట్టి ఈయన దానికి పేరిచ్చి వచ్చాడట. "విన్నారుగా, రానన్నాడు! మీరే సాక్షులు! నాన్నా, ఇంక మాట మార్చావో..."

"నేను మాట మార్చే మనిషినేనా?"

"కాదులే" అంది, ఎంత ధీమాగా అందో! అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

రసీదుల నకళ్ళు కావాలి. మా జిరాక్సు మెషీను పాడైంది, కింద తాళాల కొట్లో ఒకటి ఉంది. ఆ పిల్ల దండంతా మెళ్ళో వేసుకుని కిందికి దిగింది. నేను మిగిలిన గళ్ళు నింపుతున్నాను. "సంబంధం" అన్న గడి దగ్గరికొచ్చి కాలేజీ గుర్తింపు కాగితం చూస్తే తండ్రి పేరు వేరేగా ఉంది.

"బాబాయ్, ఇక్కడ పేరు..."

"ఔను. పుట్టించినాయన వేరే" అన్నాడు మామూలుగానే. "వాళ్ళమ్మని నేను చేసుకునేటప్పటికి దీనికి ఏడేళ్ళు. వాళ్ళమ్మ పోయి ఐదేళ్ళవుతోంది. ఆ పుట్టించినాయన అజా పజా లేడు."

"అయితే రెండో గడి! ఏం ఫర్వాలేదు బాబాయ్, క్రెడిట్ సమానంగానే వస్తుంది, సొంత బిడ్డకైనా, సవతి కూతురికైనా! తల్లి పోయినా ఆ బంధం పోదని రూల్లో ఎంత బాగా రాశారో తెలుసా..."

ఆయన మొహం చూసి ఆపేశాను. తలుపు వైపు చూస్తున్నాడు, ఎవరైనా విన్నారేమో అన్నట్టు.

"రాసుకో తల్లీ. ఏం రాయాలో అది రాసుకో. చదవకు మాత్రం."

"చదవాలి బాబాయ్. ఇక్కడ రూలు. ఆ అమ్మాయి కూడా సంతకం పెట్టాలి కాబట్టి తన ఎదురుగానే చదవాలి."

"ఆ ఒక్క లైనూ వదిలెయ్."

అత్త వచ్చేసింది. ఎలా వినిపిస్తాయో ఈవిడకి ఇవన్నీ. "వదిలేది లేదు తమ్ముడూ."

"అక్కా, ఒక్క లైనేగా."

"బేకరీ ఆయన కూడా ఒక్క లైనేగా అన్నాడు."

"అయితే మొదటి గడిలో వేసెయ్యండి. కూతురని."

"వేస్తాను. జనన రిజిస్టరుతో సరిచూస్తారు, వెనక్కి కొడతారు, పైగా జరిమానా వేస్తారు. డబ్బు పోయి శని పట్టినట్టు. అయినా ఆ అమ్మాయికి తెలీని సంగతా ఇది? ఏడేళ్ళ పిల్ల, మీ పెళ్ళికి వచ్చే ఉంటుందిగా?"

"రావడమేంటి, నా చొక్కా మీదే కక్కింది" అన్నాడు. ఒక్క క్షణం నవ్వొచ్చింది ఆయనకి. వెంటనే ఆరిపోయింది. "తెలీదని కాదక్కా. అన్నీ తెలుసు. అయినా ఆ మాట దాని ఎదురుగా చదవడానికి లేదు. నేను కూర్చుని వినేది లేదు."

"మరి నేను పంపేదీ లేదు."

"అయితే వద్దు."

లేచాడు. అంత డబ్బు! ఆఖరి టర్ము! ఆ భుజం! "బాబాయ్ బాబాయ్" అంటూ వెనకాలే వెళ్ళాను. ఆయన మెట్లు దిగుతున్నాడు. లిఫ్టు మనిషి, తను బాగుచేసిన లిఫ్టు ఎదురుగా తలుపు తెరుచుకుని ఉంటే, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కూతురు లిఫ్టులో పైకి వచ్చింది, ఇద్దరూ ఒకర్నొకరు చూసుకోకుండానే.

"నాన్నేడి?"

"పని... ఏదో అర్జెంటు పని" అన్నాను. నేను అబద్ధం చెబితే నా చెవులు ఎర్రబడతాయి. ఆ పిల్ల నా చెవులనే చూసింది, చదువే అది మరి. నకళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. నాకు వేరే ఫారాల మీద ధ్యాస నిలిస్తేగా! "వర్తించదు" చదువుతుంటే కూడా ఆ భుజమే కనిపిస్తోంది. "నీ రూలు రాతి గోడ అత్తా" అన్నాను. "గోడ లేకపోతే కప్పు ఎక్కడ నిలుస్తుందే" అంది. కానీ తనకీ బాగాలేదు, మధ్యాహ్నం టీ చల్లారిపోతే అలాగే తాగేసింది.

బుధవారం పొద్దున లిఫ్టు మళ్ళీ మొరాయించింది. జీవితంలో మొదటిసారి ఆ లిఫ్టుకి దండం పెట్టాలనిపించింది. డాబా మీద మోటారు గది ఉంటుంది, రెండేసి మెట్లు ఎక్కుతూ పరిగెత్తాను. అక్కడ మోటారు పక్కన పీట వేసుకుని పెట్టెలో వైర్లు బిగిస్తున్నాడు.

"మళ్ళీ కాలేజీ పిల్లల గురించేనా?" అన్నాడు తల తిప్పకుండా.

"బాబాయ్, మీకు సిగ్గుగా ఉందా ఆ మాటంటే?"

స్క్రూడ్రైవరు ఆగింది. నేనే నాలుక కరుచుకున్నాను. మాట జారాక వెనక్కి తీసుకోలేం కదా.

"సిగ్గెందుకు? మాట ఇచ్చాను." వైర్ల వైపే చూస్తూ చెప్పుకొచ్చాడు. "అది మా ఇంటికొచ్చిన కొత్తలో సంగతి. బళ్ళో ఎవడో పెద్ద వెధవ, మీ నాన్న అసలు నాన్న కాదు, సవతి నాన్న, రాత్రి నిద్రపోయాక నిన్ను బయట వదిలేస్తాడు అన్నాడట. దానికి నిద్ర లేదు. తలుపు పక్కన చెప్పులేసుకుని కూర్చునేది, వదిలేస్తే నడవడానికి. అలా ఎన్నాళ్ళో. ఒకరోజు వంటింట్లో స్టూలెక్కింది, నా ఎత్తుకి రావాలని. ఎక్కి రూలు పెట్టింది. ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ అనకూడదు, ఎవరూ విని ఊరుకోకూడదు. అన్నవాళ్ళు వారం రోజులు గిన్నెలు తోమాలి. ఒట్టెయ్యి అంది. వేశాను. ఆ రాత్రి చెప్పులిప్పి పడుకుంది."

నేను గడప మీద కూర్చుండిపోయాను.

"వాళ్ళమ్మ ఒకసారి ఇంటి ఓనరుతో నోరు జారింది. వారం రోజులు తోమింది పాపం, అన్నీ."

"కానీ బాబాయ్, తనిప్పుడు ఏడేళ్ళ పిల్ల కాదు కదా. తనకసలు గుర్తుందో లేదో."

"అదేగా. గుర్తులేకపోతే నేనడిగి గుర్తుచేసినవాణ్ణవుతాను. ఆ చెప్పులు, ఆ తలుపు, అన్నీ. గుర్తుంటే మాట తప్పినవాణ్ణవుతాను. ఎటు చూసినా నాకు దారి లేదు తల్లీ." పెట్టె మూత వేశాడు. "దీనికంటే టవరు ఎక్కడం తేలిక. సోమవారం నుంచి రమ్మన్నారు."

"అత్తకి చెప్పొచ్చా ఇది?"

కాసేపు ఆలోచించాడు. "మీ అత్తకి చెప్పు. మా అమ్మాయికి మాత్రం వద్దు."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. కానీ అత్తకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, నిజంగా. అత్త అంతా విని కళ్ళజోడు తీసింది. తీసి బల్ల మీద పెట్టింది! అలా నేనెప్పుడూ చూళ్ళేదు.

"ఫోన్ చెయ్యి ఆయనకి. శుక్రవారం ఇద్దర్నీ రమ్మను. ఆ లైను నేను చదవను, నువ్వు చదవవు. నా మాటగా చెప్పు."

"మరి రూలో?"

"రూలు రూలే."

"అదెలా అత్తా?"

"చిలకా, ఫోన్ చెయ్యమన్నాను."

శుక్రవారం వచ్చారు. ఆ పిల్ల మొహం ముడుచుకుని ఉంది, దారంతా అడిగినట్టుంది మొన్న ఎందుకు వెళ్ళిపోయావని. బాబాయి కుర్చీ అంచున కూర్చున్నాడు, బస్సు దిగబోయేవాడిలాగ. అత్త ఫారం అచ్చు తీసింది, కాగితాలు సర్దింది, సర్ది నేరుగా ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"నువ్వు చదువమ్మా. గట్టిగా."

బాబాయి సగం లేచాడు. "అక్కా!"

"నేను చదవనన్నాను, చదవట్లేదు. మా చిలక చదవదన్నాను, నోరు మూసుకునే ఉంది. పైకి చదవాలన్నదే రూలు. ఎవరు చదవాలో అందులో లేదు. కూర్చో తమ్ముడూ."

"ఏంటి గొడవ?" అంది ఆ పిల్ల. అత్త కాగితం మొదటి లైను మీద వేలు పెట్టి చూపించింది. "సరే" అని మొదలెట్టేసింది. బాబాయికి ఆపడానికి టైమే లేదు, ఆ పిల్ల రైలులా చదువుతోంది. రోజూ ఆస్పత్రిలో ఎవరో ఒకరి రిపోర్టు చదివి వినిపించే గొంతు, ఎక్కడా ఎక్కదు, దిగదు. పేరు. చిరునామా. ఉద్యోగం, లిఫ్టు మెకానిక్. ఇతర ఆదాయం, వర్తించదు. అద్దె ఆదాయం, వర్తించదు. "అద్దె మనం కట్టేదే నాన్నా, ఇంక వచ్చేదేంటి." విద్యార్థి పేరు. కాలేజీ. కోర్సు. బాబాయి కుర్చీ చెయ్యి పట్టుకున్న తీరు చూస్తే, తాడు తెగబోయే లిఫ్టులో ఉన్నట్టే ఉంది.

"పన్ను చెల్లించేవారితో విద్యార్థి సంబంధం, సవతి కూతురు. చదువు మొదలైన సంవత్సరం..."

ఆపలేదు! ఆ పిల్ల ఆపలేదు! అదే గొంతుతో ఆ లైను దాటేసి, సంవత్సరం చదివి, ఫీజు చదివి, ల్యాబు ఫీజు చదివి, పరికరం ఖరీదు చదివి, స్కాలర్‌షిప్పు తీసివేత దగ్గర తలెత్తింది.

"నాన్నా? ఏమైంది? భుజమా?"

బాబాయి తల అడ్డంగా ఊపాడు.

"మరేంటి ఆ మొహం?"

"నువ్వు... ఆ మాటన్నావు."

"ఏ మాట?" కాగితం పైకి చూసుకుంది. వేలు పెట్టి లైను లైనూ వెతుక్కుంటూ వెళ్ళింది. ఒకచోట ఆగింది. వేలు అక్కడే ఉంది, కళ్ళు మాత్రం ఎక్కడికో వెళ్ళిపోయాయి. ఏ వంటింటికో, ఏ స్టూలు మీదికో.

"అయ్యో" అంది మెల్లగా. "గిన్నెలు."

"నీకు గుర్తుందా!"

"నేనే కదా పెట్టింది!" అప్పుడు ఆ పిల్లకి అంతా వరసగా అర్థమవుతూ వచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను, గదిలో ఒక్కో దీపం వెలిగించుకుంటూ వచ్చినట్టు. "మొన్న అందుకా వెళ్ళిపోయావు? దీనికా? ఈ మాట నేను వినకూడదనా? దీనికోసం ఆ భుజంతో టవరు ఎక్కుదామనుకున్నావా?"

"ఒట్టేశాను కదా."

"నాన్నా, నాకప్పుడు ఏడేళ్ళు! ఆ వారంలోనే తలస్నానం చెయ్యనని కూడా ఒట్టేశాను!"

"అది నీ ఒట్టు. ఇది నాది."

ఆ పిల్ల లేచి వెళ్ళి ఆయన్ని ఒక్కటి వేసింది. కుడి భుజం మీదే, మంచిదాని మీదే, అంత కోపంలో కూడా చూసుకునే వేసింది. తర్వాత ఆ భుజం మీదే తల పెట్టేసింది. "నేనెప్పుడో చెప్పులిప్పేశాను నాన్నా" అంది. ఇంకేదో కూడా అంది, అది నాకు వినిపించలేదు, వినిపించకూడదు కూడా. అత్త కిటికీలోంచి తాళాల కొట్టు బోర్డుని మహా శ్రద్ధగా చదువుతోంది. నేను ముక్కు తుడుచుకుంటే కాగితం మీద పడుతుందేమోనని పక్కకి తిరిగాను.

కాసేపటికి ఆ పిల్లే లేచి కళ్ళు తుడుచుకుని కాగితం అందుకుంది. "ఒక వారం నాది, ఒప్పుకున్నాను. ఎక్కడాపాను? స్కాలర్‌షిప్పు." మిగతాదంతా చదివేసింది, ప్రతి "వర్తించదు" తో సహా. అత్త వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది, ఒక్కటీ తగ్గలేదు.

ఆఖర్న అత్త ఎప్పుడూ ఒక ప్రశ్న అడుగుతుంది. "ఇందులో చదివిందంతా మీ చెవిన పడిందా? అంతా నిజమేనా?"

"పడింది" అన్నాడు బాబాయి. కలం తీసుకున్నాడు. పెట్టబోయి ఆగి, కూతురి వైపు చూసి, మొదటిసారి ఈతకి దిగేవాడిలా గట్టిగా ఊపిరి పీల్చి, "అంతా నిజమే. సవతి కూతురే" అన్నాడు.

"హా!" అని అరిచింది ఆ పిల్ల, గదిలో అందరూ ఉలిక్కిపడేలా. "నీకూ ఒక వారం! అందరూ విన్నారు! మీరే సాక్షులు!"

"మూకుడు మాత్రం రెండు వారాలూ నువ్వే."

"కుదరదు. రూల్లో మూకుడు వేరని లేదు."

అలా బేరమాడుకుంటూనే ఇద్దరూ సంతకాలు పెట్టారు. నేను ఆ ఫారం పంపించేసి, అందినట్టు కబురొచ్చేదాకా స్క్రీను ముందునుంచి కదల్లేదు. వాళ్ళు లిఫ్టులోనే దిగారు.

వారం తిరక్కుండానే జవాబొచ్చింది, క్రెడిట్ ఆమోదించాం అని! సాయంత్రం ఆఫీసు మూసేముందు నేనే ఫోన్ చేశాను, ఇలాంటి కబురు అత్తని చెప్పనిస్తానా! బాబాయి ఎత్తాడు. వెనకాల కుళాయి నీళ్ళు, గిన్నెల మోత. చెప్పాను.

"టవరువాళ్ళకి రానని చెప్పేశానమ్మా, నీ కబురు రాకముందే" అన్నాడు.

"మంచిపని చేశారు బాబాయ్. ఇవాళ గిన్నెలు ఎవరివి?"

"దానివే." గొంతు తగ్గించాడు. "నీ దగ్గర దాపరికమెందుకు, సరిగ్గా తోమదు. అది పడుకున్నాక నేను మళ్ళీ తోముకుంటున్నాను."

గిన్నెల మోత టక్కున ఆగింది. అవతల్నుంచి కేక.

"వినిపిస్తోంది నాన్నా! నాది చెవుల చదువు!"